నమ్‌లాక్ మీద బొట్టు

జగ్గారావు ఎడమచేతికి వేళ్లు లేవు. ఇరవై ఆరో ఏట ఇనుప చువ్వలు కోసే మిషన్లో పోయాయి. తరవాత పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తాగా చేరాడు. లారీ నంబరూ బరువూ కంప్యూటర్లో కొట్టాలి. కీబోర్డులో కుడివైపున్న అంకెల మీటలకు ఒక్క చెయ్యి చాలు. ఏడాది తిరక్కుండానే వాటిని చూడకుండా కొట్టడం అలవాటైంది. కళ్లు దుమ్ము పట్టిన అద్దంలోంచి లారీని చూస్తుంటే వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి.

2006లో కాటాకు లాప్‌టాప్ వచ్చింది. దానికి అంకెల మీటలు పై వరసలోనే ఉన్నాయి. జగ్గారావు ఒక్కొక్కటీ వెతుక్కుంటుంటే లారీలు ఆగిపోయేవి. మేనేజరు గురునాథరావు విడిగా ఒక కీబోర్డు తెప్పించి తగిలించాడు. రోజూ పొద్దున్నే జగ్గారావు ఆ అంకెల మీటల పైమూలనున్న నమ్‌లాక్ మీట నొక్కేవాడు. పచ్చదీపం వెలిగితేనే అంకెలు పడతాయి. లేకపోతే కర్సర్ అటూ ఇటూ తిరుగుతుంది.

ఆ దసరాకు కాటాకూ ప్రింటరుకూ తనే బొట్లు పెట్టాడు. పసుపు కాస్త పలచనైంది. కీబోర్డుకు మాత్రం ఏరికోరి నమ్‌లాక్ మీదే పెట్టాడు.

మర్నాడు ఆ మీట దిగలేదు. దీపం వెలగలేదు. ఎనిమిది నొక్కితే కర్సర్ పైకి పోయింది.

"ఏంటండీ జగ్గారావు, లారీల వరస రోడ్డు మీదికి వచ్చేసింది!" గురునాథరావు గుమ్మంలోంచి అన్నాడు. "కీబోర్డు పోయినట్టుంది. సాయిశంకర్‌ని కూర్చోబెడదాం. పై వరస మీద రెండు చేతులా కొట్టేస్తాడు."

సాయిశంకర్ బిల్లుల గదిలో గుమస్తా. అతను ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేవమనేవాళ్లుండరని జగ్గారావుకు తెలుసు.

"రెండు లారీల సేపు ఆగండి బాబూ. నాను సూత్తన్నాను."

కీబోర్డు వైరు ఊడదీసి, దాన్ని ఎడమ మణికట్టుతో పొట్టకు అదిమి పట్టాడు. అది జారింది. గది ఊడుస్తున్న వరహాలమ్మ చీపురు వదిలేసి పట్టుకుంది.

"బొట్టెట్టమంటే తానం సేయించీసినావు గదన్నా!"

"నవ్వులు తరవాత. కదపకుండా పట్టుకో."

చెంచా కాడతో మీట పైకెత్తాడు. కింద పసుపు పెచ్చు కట్టి ఉంది. దాన్ని గీకి, ప్రింటరు తుడిచే స్పిరిట్లో దూది ముంచి తుడిచి, మీట బిగించి వైరు పెట్టాడు. నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. ఎనిమిది నొక్కితే ఎనిమిదే పడింది.

సాయిశంకర్ అప్పటికే వచ్చి కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు.

"అయిపోనాది బాబూ. బండిని కాటా ఎక్కించమనండి," అన్నాడు జగ్గారావు.

గురునాథరావు తెర వైపు ఒకసారి చూసి, సాయిశంకర్‌కు బిల్లుల గది వైపు చెయ్యి చూపించాడు.

మరుసటి దసరాకు బల్లకూ ప్రింటరుకూ బొట్లు పడ్డాయి.

"మరి దీనికేదన్నా?" అని కీబోర్డు చూపించింది వరహాలమ్మ.

"దానికి దండం సాలు," అని జగ్గారావు కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తి, అదే చేత్తో నమ్‌లాక్ నొక్కాడు.