లక్షల వాచీ మింగిన రెండు నిమిషాలు

ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో నన్నిప్పటికీ ‘రెండు నిమిషాలోడు’ అంటారు. ఆ పేరు నాకు అలవాటైపోయింది. దాన్ని కడుక్కోవడానికి కాదు, ఓడిపోని ఒక ఎడ్ల జత కోసం ఇది రాస్తున్నాను.

నేను ఆదోనిలో పత్తి మిల్లు కూలీని. బడి చదువు పదితో ఆగింది, మిగతాదంతా లైబ్రరీలో నేర్చుకున్నాను. గడియారాల పుస్తకమైతే రెండుసార్లు చదివాను. స్ప్రింగుతో నడిచే ఖరీదైన వాచీ కూడా రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుందనీ, అయస్కాంతం తగిలితే లోపలి సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పరుగెత్తుతుందనీ మిల్లులో అందరికీ చెప్పేవాణ్ణి. అందుకే జాతరలో బండలాగుడు పందేనికి టైము చూసే పని నాకిచ్చారు. అంతకు ముందేడు సెల్లులో చూస్తుంటే మధ్యలో ఫోనొచ్చి గొడవైందట. ఈసారి బహుమతి ఇచ్చే మా మిల్లు యజమాని తన వాచీ విప్పి ఇచ్చాడు.

“కారు ఖరీదప్పా ఇది. తప్పు సెప్పదు,” అన్నాడు.

ఒక్కో జతకు ఇరవై నిమిషాలు. పొద్దున హొళగుంద ఊరి జత అందరికన్నా ఎక్కువ దూరం లాగింది. అన్నం వేళ చేతులు కడుక్కుంటూ, వాచీ తడుస్తుందని, మైకుసెట్టు అతను విప్పి బోర్లించిన పెద్ద స్పీకరు వెనక బిళ్ల మీద పెట్టాను. తీసేటప్పుడు కాస్త పట్టి లాగినట్టయింది. చెమట జిగురనుకున్నాను.

అన్నాల తర్వాత మిగిలిన ఒకే ఒక్క జత, చివరిది, ఎమ్మిగనూరు వైపు రైతుది. చర్నాకోల దెబ్బలకు ఎడ్ల వీపులు చిట్లి నెత్తురు కారుతోంది. ఇంకో అరవై అడుగులు లాగితే గెలుపు వాళ్లదే. వాచీలో ఇరవై నిండాయి. విజిల్ ఊదాను.

“పద్దెనిమిదే అయినాది!” సెల్లు ఎత్తి ఎవరో అరిచారు.

“ఏమప్పా, రెండు నిమిషాలు ఎంతకి అమ్మినావు?” అంటూ రైతు చర్నాకోల నా మొహం మీద దించాడు. కన్ను మూతపడింది. కిందపడితే అతని ఊరివాళ్లు కడుపులో తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. “బుక్కులు సదివినోడంట, కొట్టండి నా కొడుకుని!” మైకుసెట్టు అతను నా మీద అడ్డంగా పడ్డాడు. కట్టె దెబ్బకు అతని పళ్లు రెండు నా చొక్కా మీద రాలాయి. హొళగుంద వాళ్లు రాళ్లందుకున్నారు. బెదిరిన ఎడ్లు బండతో సహా జనంలోకి దూకాయి. ఒకదాని కొమ్ము మొదలంటా విరిగింది. అది పెట్టిన కేక మనిషి కేకలాగే ఉంది.

ఆసుపత్రికి చూడటానికొచ్చిన యజమాని వాచీని విదిలిస్తూ, “జాతర నుంచి దీనికి పిచ్చి పట్టినాదప్పా, గంటకు ఆరు నిమిషాలు ముందుకు పోతాంది,” అన్నాడు. కుట్లు వేసిన మొహంతో లెక్క వేశాను. ఇరవై నిమిషాలకు రెండు. స్పీకరు వెనక ఉండేది అయస్కాంతమే. పుస్తకంలో ఆ పేజీ కూడా గుర్తొచ్చింది. తర్వాత యజమాని వాచీ పట్టుకుపోతే, బజారులో వాచీలు బాగుచేసే తాత దాని దగ్గర దిక్సూచి పెట్టాడు, ముల్లు గిర్రున తిరిగింది.

కట్టు విప్పగానే రైతు ఇంటికి పోయి, తప్పు నాదేనని చెప్పాను. లాగి చెంప మీద కొట్టాడు. పక్కటెముక మళ్లీ కలుక్కుమంది.

“కొమ్ము మొలుస్తాదా?”

గాటి దగ్గరి ఒంటికొమ్ము ఎద్దును నిమిరి, మళ్లీ నా వైపు తిరిగాడు.

“అమ్ముకోలేదు గదా?”

“లేదన్నా.”

“అయితే రాసియ్యి. నా ఎద్దులు ఓడిపోలేదని రాసియ్యి. నలుగురూ సదవాల.”

రాశాను. ఆ జత ఓడిపోలేదు.

జాతర కొట్లాట మీద కేసు నడుస్తోంది కాబట్టి పేర్లు రాయలేను. నా దెబ్బలు తాను తిన్న మైకుసెట్టు అన్నకు, దిక్సూచి తాతకు, మూడోసారి చదవడానికి అదే పుస్తకం తీసిపెట్టిన లైబ్రరీ అక్కకు, చెంప మీద కొట్టి కూడా నా మాట నమ్మిన ఆ రైతుకు నా దండాలు.