పిలిస్తేనే లోపలికి

ఆస్ట్రేలియా ఎడారిలోని మా కూబర్ పీడీలో ఎండకు తాళలేక కొండల్ని తొలుచుకుని లోపల కాపురాలు చేస్తాం. అందుకేనేమో, పగటి వెలుగు పడని రక్తపిశాచి అంటే పక్కింటి నెవెంకాకు అంత ప్రేమ. అరవై దాటిన మనిషి. పొయ్యి మీద క్యాబేజీ చుట్టలు ఉడుకుతుంటే, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, గరిటె చేతిలోనే ఉంచుకుని ఆ రక్తపిశాచి ప్రేమ నవలల్లో మరో భాగం చదవడం మొదలుపెడుతుంది. "వాడిలో ఏం చూశావే? ఒంట్లో నెత్తురే లేదు!" అంటాడు మొగుడు స్టిపే. "మర్యాద చూశానయ్యా. కథలో ఆ పిల్ల రమ్మంటే తప్ప గడప దాటడు. నువ్వో, ఓపల్ రాళ్ల గనిలోంచి తిన్నగా బూట్లతో నా తివాచీ మీదికే!"

నిన్న పుస్తకం కనబడక ఇల్లంతా తిరగేసింది. వెతకడానికి సాయం వెళ్లిన నన్నే అనుమానంగా చూసింది. పొద్దు వాలాక గుమ్మంలో అలికిడయింది. స్టిపే. రాతిపొడితో మొహం తెల్లగా పాలిపోయినట్టుంది. ఒక చేతిలో విప్పిన బూట్లు, చంకలో ఆ పుస్తకం. గడప ఇవతలికి అడుగు వెయ్యలేదు.

"రావచ్చా?" అన్నాడు.

నెవెంకా చేతిలో గరిటె ఆగిపోయింది. మొహమంతా నవ్వు పాకింది.

"ఉండవయ్యా, అక్కడే కాసేపు నిలబడు," అంది. "కళ్లారా చూసుకోనీ!"