ఇంజనుకు కప్పిన మిరప గోతం

ముందే చెప్పేస్తున్నాను, నేను చిలవలు పలవలు చేర్చి చెప్పే మనిషిని. మా ఇంట్లో నన్ను చీమ కుడితే, వీధి చివరికి వెళ్ళేసరికి అది తేలవుతుంది. టీ కొట్టు దగ్గర ఆగానంటే ఆ తేలు పామై పడగ కూడా విప్పుతుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది, నేను కళ అంటాను. కాబట్టి ఈ కథలో చలి ఎంత, ఘాటు ఎంత అన్నది మీరే కాస్త తగ్గించుకుని చదువుకోండి.

గుంటూరులో చలేమిటని నవ్వకండి. వేసవిలో డాబా మీద అప్పడం ఆరబెడితే వేగిపోయే ఊరు మాది. అలాంటి ఊళ్ళో ధనుర్మాసం తెల్లవారుజామున నాలుగు మంచు బొట్లు రాలితే మాకు హిమాలయమే. మంకీ టోపీ, దాని మీద మఫ్లరు, ఆపైన దుప్పటి కప్పుకుని పాల ప్యాకెట్టుకి బయల్దేరితే మా వీధి కుక్కలు నన్ను ఎలుగుబంటి అనుకుని దారిచ్చేవి. నాకంటే చలికి భయపడేది మా ఇంట్లో ఒక్కటే, నా పాత డీజిల్ కారు. మధ్యాహ్నం తాళం తిప్పితే పులిలా లేచేది. తెల్లారగట్ట తిప్పితే ముసలి మేకలా రెండుసార్లు దగ్గి పడుకునేది.

పోయిన ధనుర్మాసంలో మెకానిక్కుకి ఫోన్ చేశాను. ఆయన గొంతుకి ఫోనే అక్కర్లేదు.

"హీటర్ ప్లగ్గులు పోయుంటాయండీ! ఇంజన్లో వేడి పుట్టించేవి అవే. బండి పంపండి, మార్చేస్తా."

"వేడే కదయ్యా కావాల్సింది? నేను చూసుకుంటాలే."

"మీరేం చూసుకుంటారండీ, కుంపటి పెడతారా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కారు పంపలేదు.

నిజానికి మర్నాడు పొద్దున్నే కారు కావాల్సింది నాకు కాదు, మా ఆవిడకి. పెదకాకాని దాటాక ఒక పల్లెలో రాములవారి గుడి ఉంది. ధనుర్మాసంలో అక్కడ రోజుకొకరు కీర్తన పాడతారు. పక్కింటి పిన్నిగారు పట్టుబట్టి మా ఆవిడ పేరు ఇచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ వంటింట్లో పాడుతూనే ఉంది గానీ, నలుగురి ముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. కారణం వేరే ఎవరో కాదు. చుట్టాలొచ్చినప్పుడు లోపల్నించి కూనిరాగం వినిపిస్తే, "మా ఇంట్లో పాలు విరగడానికి నిమ్మకాయ అక్కర్లేదండీ" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. లోపల పాట ఆగిపోయేది. నేను మాత్రం నవ్వులే లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఈసారి ఆవిడ పట్టుదలగా ఉంది. పచ్చళ్ళు మానేసింది, పెరుగు మానేసింది, మిరియాల పాలు తాగింది. పిన్నిగారు ఆటో మాట్లాడతానంటే నేనే అడ్డుపడ్డాను.

"నా కారుండగా ఆటో ఎందుకు పిన్నిగారూ? చలిగాలి తగిలితే గొంతు పట్టేస్తుంది."

"ఏవండీ, అది లేస్తుందా అసలు?" అంది మా ఆవిడ.

"లేవకపోతే నా పేరు మార్చుకుంటా."

"పోయినసారీ ఇదే అన్నారు. ఏ పేరుతో పిలవాలో చెప్పనేలేదు."

ఆ రాత్రి పడుకోబోయే ముందు నాకో మహత్తర ఆలోచన వచ్చింది. మా బావ ఏటా కారం కొట్టించుకోవడానికి మిరపకాయలు పంపే గోతం అటక మీద ఉంది. మందంగా, ముతగ్గా, కంబళిలా ఉంటుంది. మిరపకాయ కొరికినవాడికే చెమటలు పోస్తాయే, మిరప గోతం కప్పుకున్న ఇంజనుకి చలేమిటి? బానెట్ ఎత్తి, పసిబిడ్డకి కప్పినట్టు అంచులు దోపి మరీ కప్పాను.

తెల్లారగట్ట తాళం తిప్పగానే కారు లేచింది! గోతం పుణ్యమో, ఆ రోజు చలే తక్కువో నాకు తెలియదు. "చూశారా పిన్నిగారూ!" అని స్టీరింగు మీద దరువేశాను. ఆ గర్వంలో బానెట్ ఎత్తి గోతం తీయడం మర్చిపోయాను.

ఊరు దాటగానే అద్దానికి మంచు పట్టింది. ఫ్యాను వేశాను. కాసేపటికి వెనక సీట్లో పిన్నిగారు తుమ్మింది. "ఎవరో తాలింపు వేస్తున్నారర్రా" అంది. చుట్టూ పత్తి చేలు తప్ప కొంపా గోడూ లేవు. ఆ తర్వాత నా కళ్ళలో కృష్ణా నది పొంగింది. పక్క సీట్లో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, ఏం పెట్టారు ఇందులో?"

నాకు అప్పటికే తెలిసిపోయింది. అయినా, "మిరప కోతలు కదా, పొలాల్లోంచి వస్తోంది" అన్నాను. పైగా ఘాటు బయటికి పోతుందని ఫ్యాను ఇంకా పెంచాను.

చివరికి పిన్నిగారు తిట్టి కారాపించింది. బానెట్ ఎత్తితే గోతం వేడెక్కి పొగలు కక్కుతోంది, ఇంజనంతా ఎర్రటి పొడి.

"ఏం నాయనా, ఇంజన్లో ఆవకాయ పెట్టావా?" అంది పిన్నిగారు ముక్కు తుడుచుకుంటూ.

మా ఆవిడ అప్పటికే దగ్గుతోంది.

గుడిలో ఆవిడ వంతు వచ్చింది. కూర్చుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. గాలి వచ్చింది, పాట రాలేదు. మళ్ళీ ప్రయత్నిస్తే దగ్గు వచ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు. ఇంకెవరో ఆ కీర్తన అందుకున్నారు.

"గొంతుకేమైందమ్మా?" అని అడిగారు పంతులుగారు.

నేను స్తంభం వెనక్కి జరిగాను.

"నిన్న చల్లనీళ్ళు తాగానండీ. నాదే పొరపాటు" అందావిడ.

తిరుగు దారిలో అద్దాలన్నీ దించి వణుక్కుంటూ వస్తుంటే, మా ఆవిడ నా ఎర్రటి ముక్కు చూసి ఫక్కున నవ్వింది. పిన్నిగారూ నవ్వింది. కారాపి మరీ ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వితే, చేలో పత్తి తీసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు.

టీ కొట్టు దగ్గర ఈ కథని నేను ఇక్కడే ముగిస్తుంటాను. మిగతావన్నీ పెంచి చెప్పినవే, ఈ నవ్వు ఒక్కటే నేను కల్పించింది. ఆవిడ నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోలేదు కూడా. ఇంటికొచ్చి కాఫీ కలిపి నా ముందు పెట్టి, పోయిన గొంతుతో, "పంచదార సరిపోయిందా?" అని అడిగింది. ఇప్పటికీ నాకు ఆ కాఫీయే గొంతు దిగడం లేదు.

ఆ వారమే ప్లగ్గులు మార్పించాను. కారు ఇప్పుడు ఎంత మంచులోనైనా తాళం తిప్పగానే లేస్తుంది. మళ్ళీ ధనుర్మాసం నెలగంట పెట్టగానే ఈ ఏడూ పేరు ఇవ్వమంటావా అని పిన్నిగారు అడిగింది. "వద్దులెండి పిన్నిగారూ" అంది మా ఆవిడ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, తలెత్తకుండా.