బావ తల మీది బంతి

లుగన్‌విల్ రేవుకి ఎగువనున్న వాడలో అబెల్ విరా రొట్టెలు తినని అంబాయ్ ద్వీపపు మనిషి ఉండడు. ఎండు కొబ్బరి డిప్పలతో కాల్చే పొయ్యి ఆయనది. తెల్లారకముందే లేచి, ప్రార్థన చేసుకుని, పిండి పిసకడానికి కూర్చునేవాడు. నడవలేని ముసలివాళ్ల ఇళ్ల ముందూ, బాలింతల ఇళ్ల ముందూ రెండేసి రొట్టెలు ఆకులో చుట్టి పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవాడు. ఎవరైనా పట్టుకుని అడిగితే, "ఇవాళ ఎక్కువ కాల్చేశానమ్మా, పాడైపోతాయి" అనేవాడు. రోజూ ఎక్కువే కాల్చేవాడు పాపం.

అంత మెతక మనిషికి ఆ ఏడాది ముద్ద మింగుడుపడలేదు. కారణం ఫుట్‌బాల్.

అంబాయ్ ద్వీపంలో కొండ బూడిద కక్కినప్పుడు జనమంతా ఓడలెక్కి ఈ ఊరు చేరారు. తర్వాత కొందరు వెనక్కి వెళ్లారు, కొందరు ఇక్కడే ఉండిపోయి ఊరి నాలుగు మూలలా చెదిరిపోయారు. అలా చెదిరినవాళ్లంతా ఒక్కచోట కనిపించేది శనివారం మ్యాచ్ దగ్గరే. ద్వీపం పేరు చొక్కాల మీద కుట్టించుకుని ఆడే కుర్రాళ్ల జట్టు అది. దానికి కోచ్ అబెలే. జట్టు పై తరగతి పోటీలో ఉంది. ఆ ఏడు అట్టడుగున పడితే కింది తరగతికి దిగిపోవాలి. అలా దిగితే చొక్కా మీది పేరు తీసేయించేస్తానని అంబాయ్ వాళ్లందరికీ పెద్ద అయిన చీఫ్ సైలస్ ముందే తేల్చి చెప్పాడు.

"ఊరు పోగొట్టుకుని వచ్చినవాళ్లం. పేరు కూడా పోగొట్టుకోవాలా? చొక్కా మీద ఏమీ లేకుండా ఆడుకోండి" అన్నాడాయన.

పేరు పోతే శనివారం ఎవడొస్తాడు? అబెల్‌కి ఆ సంగతి తెలుసు.

విచిత్రమేమిటంటే, వానలు తగ్గేదాకా ఆ జట్టు బాగానే ఆడింది. గోల్ దగ్గర హోసియా, వాడి ముందు రక్షణలో పాటిసన్. హోసియా గొంతు చించుకుని అరుస్తూ అందర్నీ నిలబెట్టేవాడు. ఎత్తుగా వచ్చిన బంతి కోసం గోల్ వదిలి దూసుకొచ్చేవాడు. ఆ తర్వాతే మొదలైంది పతనం. అవతలివాళ్లు మైదానం మూల నుంచి కార్నర్ కొడితే చాలు, గోలే. హోసియా చెయ్యి సగం దాకా లేచి ఆగిపోతుంది. పాటిసన్ ఎగరబోయి మునగదీసుకుంటాడు. బంతి వాళ్లిద్దరి మధ్య నుంచి ఎవడి నెత్తికో తగిలి వలలో పడుతుంది.

అబెల్ చేయని వైద్యం లేదు. రక్షణకి ఇద్దరు మనుషుల్ని పెంచాడు. గోల్ ముందు సంతలా అయింది, గోల్స్ ఇంకా పెరిగాయి. హోసియా కళ్లు పరీక్ష చేయించాడు, డాక్టరు నిక్షేపంగా ఉన్నాయన్నాడు. రేవు జట్టు వాళ్లు కొబ్బరి మట్టలు ఊపుతూ, "బూడిదగాళ్లొచ్చారు, తుడిచెయ్యండిరా!" అని అరుస్తుంటే మనవాళ్లు తలలు దించుకుని నడిచేవాళ్లు.

ఇంకొక్క మ్యాచ్ మిగిలింది. రేవు జట్టుతోనే. గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు, గట్టెక్కుతారు.

ఆ వారంలో ఒక సాయంత్రం ఆట అయ్యాక కుర్రాళ్లంతా అబెల్ పెరట్లో కూర్చున్నారు. ఆయన భార్య నెస్టా దుంపలు తురిమి ఆకుల్లో కాల్చిన లాప్‌లాప్‌ని ముక్కలు కోసి, కొబ్బరిపాలు పోసి పెడుతోంది. పాటిసన్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వాడి తలకి సరిగ్గా పైన మేకుకి హోసియా తువ్వాలు వేలాడుతోంది. హోసియా లేచాడు, రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. తువ్వాలు అడగడు, చెయ్యి చాచడు. చల్లగాలికి తడి ఒళ్లు వణుకుతున్నా అలాగే నిలబడ్డాడు. అది గమనించి పాటిసన్ నడుం వంచి, నేలకి దగ్గరగా జరుగుతూ అవతలికి వెళ్లిపోయాడు. అప్పుడు గానీ హోసియా తువ్వాలు తీసుకోలేదు.

"చూశావా, ఎంత మర్యాదగల పిల్లలో!" అంది నెస్టా మురిసిపోతూ.

అబెల్ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

వానలు తగ్గినప్పుడే హోసియా చెల్లెలు ఎల్వినాని పాటిసన్ పెళ్లి చేసుకున్నాడు. వేరేచోట్ల బావామరుదులంటే ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే పని. అంబాయ్‌లో అలా కాదు. బావ పేరు బావమరిది పలకడు, బావమరిది పేరు బావ పలకడు. వేళాకోళం ఉండదు. ఒకరి తల మీదుగా ఇంకొకరు చెయ్యి చాపడం పెద్ద తప్పు. అది ఎంత సహజమంటే, మంచి పద్ధతిలో పెరిగిన పిల్లలని అందరితోపాటు అబెల్ కూడా మెచ్చుకున్నాడే తప్ప, ఆ మర్యాదే తమ గోల్‌కి కన్నం పెడుతోందని ఆయన బుర్రకి తట్టనే లేదు.

మర్నాడు చీఫ్ సైలస్ దగ్గరికి వెళ్లాడు.

"పెదనాన్నా, ఆట ఆడినంతసేపు ఆ ఇద్దరికీ కాస్త సడలింపు ఇయ్యరాదూ?"

సైలస్ సాయంత్రం నూరుకుని తాగడానికి కావా మొక్క వేర్లు తోముతున్నాడు, తలెత్తలేదు. "ఇవాళ ఆట కోసం అంటావు. రేపు రేవులో పని కోసం అంటారు. ఎల్లుండి ఊరికే అంటారు. ఇంతదూరం మనం ఏం మోసుకొచ్చామురా అబెల్? ఇళ్లా, తోటలా? ఇదొక్కటే గదా."

అబెల్, "నా చేతుల మీదుగా తప్పు జరగనివ్వను" అని మాటిచ్చి వచ్చేశాడు.

ఆ సాయంత్రం పిండి బల్ల మీద రొట్టెలు పేర్చి కుర్రాళ్లని పిలిచాడు. "ఇది హోసియా. గీత దాటి రావద్దు. ఇదుగో పాటిసన్, నువ్వు గోల్‌కి దూరంగా ఈ అంచున నిలబడు, బంతిని అక్కడే తన్నెయ్. మధ్యలో లెండన్."

లెండన్ ఆ ఇద్దరిలో ఎవరికీ బావమరిది వరస కాడు, ఇద్దర్నీ పేరు పెట్టి పిలవొచ్చు. బజార్లో ఐసుముక్కలు అమ్ముకునేవాడు, నోరు మూతపడదు.

"నేనేం చెయ్యాలి మామా?"

"అరవాలి. వాడి మాట వీడికి, వీడి మాట వాడికి. పుట్టినప్పటి నుంచీ వాగుతూనే ఉన్నావు, ఇన్నాళ్లకి ఆ నోటికొక పని దొరికింది."

"అయితే నాకు రెండు చొక్కాలివ్వాలి మామా, ఇద్దరి పనిగా!" అంటూ లెండన్ రేవు జట్టులో తలతో గోల్స్ కొట్టే పొడుగువాడికి గుర్తుగా పెట్టిన రొట్టె తీసి కొరికాడు. "పీడ వదిలింది, పొండి." అందరూ నవ్వారు. పాటిసన్, హోసియా మాత్రం చెరోవైపు చూస్తూ నవ్వుకున్నారు.

శనివారం వచ్చింది. ఆడవాళ్లు గొడుగులు పట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని గట్టు నిండా కూర్చున్నారు. సైలస్ మడత కుర్చీలో ముందు వరసలో ఉన్నాడు. ఆట మొదలైన కాసేపటికే రేవువాళ్లు గోల్ కొట్టారు. అది కార్నర్ నుంచి కాదు గనక అబెల్ గుండె చిక్కబట్టుకున్నాడు. విరామం అయ్యాక మనవాళ్లు ఒకటి తిరిగి కొట్టారు. ఇక కాపాడుకోవడమే పని. కార్నర్ మీద కార్నర్ వస్తోంది. లెండన్ గొంతు బొంగురుపోయింది. "పాటిసన్, ఎడమకి! హోసియా, ఉండు, ఉండు!" పాటిసన్ అంచున కాపు కాసి తన్నేస్తున్నాడు, హోసియా గీత మీద నిలబడి దొరికినవి దొరికినట్టు పట్టేస్తున్నాడు. అబెల్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో లెక్కో ఆయనకే తెలియదు.

ఆట అయిపోవచ్చింది. అప్పుడు లెండన్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. మోసుకుపోయారు. మార్చడానికి మనిషి లేడు, బయట కూర్చున్న అదనపు ఆటగాళ్లందరూ అప్పటికే మైదానంలోకి దిగిపోయారు. రేవువాళ్లకి ఇంకొక కార్నర్.

"బూడిద! బూడిద!" గట్టు అవతల మట్టలు ఊగుతున్నాయి.

రేవు జట్టు పొడుగువాడు తెలివైనవాడు. మధ్యలో నోరు లేదని కనిపెట్టాడు. పాటిసన్‌ని రాసుకుంటూ నేరుగా గోల్ ముందుకి నడిచాడు. వాడిని వదిలితే గోల్, అందుకని పాటిసన్ వెంటపడ్డాడు. ఇప్పుడు హోసియాకి మూరెడు దూరంలో బావ తల. బంతి లేచింది. ఎండలో మెరుస్తూ నెమ్మదిగా ఆ తల మీదికే దిగుతోంది. హోసియా చెయ్యి సగం లేచింది.

ఆగింది.

పిలిచేవాడు లేడు. వాళ్లిద్దరూ పిలుచుకోలేరు. గట్టు మీద సైలస్ ఉన్నాడు, ఇచ్చిన మాట ఉంది, చొక్కాల మీద పేరు ఉంది. అబెల్ మైదానం గీత దాకా ఉరికాడు.

"హోసియా! రా! నేను చెబుతున్నా, నా మాట మీద రా!"

హోసియా కళ్లు మూసుకుని దూకాడు. పిడికిలి బంతిని గుద్దింది, మోచెయ్యి బావ నడినెత్తి మీద పడింది. పాటిసన్ బోర్లా పడ్డాడు. బంతి మైదానం సగం దాకా ఎగిరిపోయింది. రిఫరీ ఈల వేశాడు. ఆట అయిపోయింది. జట్టు గట్టెక్కింది.

కానీ మన గట్టు మీద ఒక్క చప్పట కూడా లేదు. గొడుగులు కదల్లేదు. హోసియా గోల్‌లో మొహం కప్పుకుని కూర్చున్నాడు. పాటిసన్ లేచి, వాడి వైపు చూడకుండా, వంగి వంగి చుట్టూ తిరిగి బయటికి వెళ్లిపోయాడు.

అబెల్ మైదానం దాటి సైలస్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "పెదనాన్నా, ఆ చెయ్యి వాడిది కాదు. నాది. పిలిచింది నేను."

సైలస్ కర్ర ఆనించుకుని లేచాడు. "అవును. అందరూ విన్నారు. వెళ్లి దిద్దుకో."

అబెల్ ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఇలాంటి తప్పు దిద్దుకోవాలంటే అంబాయ్ ఆచారం ప్రకారం నొచ్చినవాడికి ఎర్రచాప ఇవ్వాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, నెస్టా వాళ్లమ్మ నేసింది. బూడిద పడ్డ రోజున నెస్టా వంట సామాను కూడా వదిలేసి దాన్ని చంకలో పెట్టుకుని ఓడెక్కింది.

"అలా నిలబడతావేం?" అంది నెస్టా. చాప అప్పటికే ఆమె చేతుల్లో ఉంది, అంచులు సర్దుతోంది. "ఎల్వినా అరుపు విన్నావా? వాళ్లాయన తలకి ఇంత బొప్పి కట్టిందట. పద, పొద్దు వాలిపోతోంది."

పాటిసన్ పెరట్లో చాప పరిచి, అబెల్ తల వంచుకుని కూర్చున్నాడు. సాక్షిగా సైలస్ అరుగు మీద కూర్చున్నాడు. కంచె అవతల హోసియా నిలబడ్డాడు, లోపలికి రాలేదు. పాటిసన్ చాప మీద అరచెయ్యి ఆనించాడు. నేత మీద వేళ్లు మెల్లగా నడిపాడు.

"ముసలావిడ నేసిందా?" అన్నాడు.

నెస్టా తలూపింది.

"మా ఇంట్లో జాగ్రత్తగా ఉంటుంది పిన్నీ." అని దాన్ని చుట్టి ఎల్వినా చేతికిచ్చాడు. ఎల్వినా చాప లోపల పెట్టి వచ్చి, వేడి లాప్‌లాప్ ఆకులో కట్టి, కంచె దాకా వెళ్లి అన్న చేతిలో పెట్టింది. అన్న అక్కడే నిలబడి తిన్నాడు. ఇవతల బావ తన ముద్ద తిన్నాడు. ఇద్దరూ తినడం అయ్యాక గానీ అబెల్ తల ఎత్తలేదు.

సైలస్ లేస్తూ కర్ర అందుకున్నాడు. "చొక్కా మీద పేరు ఉండనీ. ఒరే అబెల్, మీ ఇంట్లో ఇంకా ఎన్ని చాపలున్నాయి?"

"ఒక్కటీ లేదు పెదనాన్నా."

"అయితే వచ్చే ఏడు కార్నర్లు ఇవ్వకండి."