మల్లేశ్వరికి పదమూడేళ్లంట

వెంకోబారావు ఆస్పరి దగ్గర ఒక పల్లె హైస్కూల్లో డ్రిల్ సారు. ఆడపిల్లలకు రగ్బీ నేర్పింది ఆయనే. ఆ ఊరి గోవిందు కూతురు మల్లేశ్వరి కోడిగుడ్డులాంటి ఆ బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తితే, పట్టుకోబోయిన ముగ్గురూ మట్టిలో పడేవాళ్లు. ఆయన ముచ్చటపడి ఆ పరుగును ఫోనులో వీడియో తీసి కోచ్‌ల గ్రూపులో పెట్టాడు.

వారం తిరక్కముందే ఆదోనిలోని ఒక ప్రైవేటు స్కూలు కోచ్ అశోక్ కారులో దిగాడు. "మీ వీడియో చూసే వచ్చినాను సార్," అన్నాడు. పిల్ల పేరు కూడా అడగలేదు. గోడకు ఆనించి నిలబెట్టి టేపుతో ఎత్తు కొలిచాడు. అరచేతులు చాపించి చూశాడు. తల్లి అంజినమ్మను పిలిపించి, కూతురి పక్కన నిలబెట్టి, "ఇంకా నాలుగంగుళాలు పెరుగుతాదిలే," అన్నాడు.

ఎమ్మిగనూరు జాతరలో కోడెలను బేరం చేసేవాళ్లకు కూడా ఇంతకన్నా మర్యాద ఉంటుందనిపించింది వెంకోబారావుకు.

"వయసెంత?" అడిగాడు అశోక్.

"పదహైదు," అంది అంజినమ్మ.

"మా దగ్గర పదమూడు అయితాది."

ఆ సాయంత్రమే వెంకోబారావు గోవిందు ఇంటికి పోయాడు.

"వద్దు గోవిందూ. వయసు తప్పు రాస్తారు. దొరికితే పిల్ల ఆటే పోతాది."

"ఆడ హాస్టలు, మూడు పూటల తిండి ఉంది సార్. వాన రాకుంటే మేము మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు పోతాం. ఈ పిల్లను యాడ ఇడిసేది?"

ఆ వారమే మల్లేశ్వరి ఆదోని హాస్టలుకు పోయింది.

డిసెంబరులో ఎమ్మిగనూరులో పద్నాలుగేళ్లలోపు పిల్లల పోటీలు జరిగాయి. వెంకోబారావు జట్టుకు ఎదుటి జట్టులో మల్లేశ్వరి. చొక్కా వెనక 'కృతి' అని ఉంది. ఆయన్ను చూసి తల తిప్పుకుంది. ఐదు నిమిషాలు కాకముందే ఆమె గుద్దిన దెబ్బకు ఆయన జట్టులోని పన్నెండేళ్ల శ్రీరక్ష ఎగిరి పడింది. భుజం జారింది. గీత బయట నిలబడి అశోక్, "అట్లే, ఇంకా గట్టిగా," అంటున్నాడు.

వెంకోబారావు మైదానంలోకి నడిచాడు.

"మల్లేశ్వరీ, ఈడికి రా తల్లీ."

ఆమె వచ్చింది. రెఫరీ అడిగితే ఏడుస్తూ అసలు పేరు, అసలు వయసు చెప్పేసింది.

జట్టును పోటీల నుంచి తీసేశారు. మల్లేశ్వరి రెండేళ్లు ఆడకూడదన్నారు. అశోక్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి నెలలోనే తుగ్గలిలో ఇంకో పిల్లను చూసిపోయాడని వెంకోబారావుకు తెలిసింది. ఆ కోచ్‌ల గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు.

అంతకుముందే, పోటీలైన రెండు రోజులకే, ప్రైవేటు స్కూలు మల్లేశ్వరిని పంపించేసింది. సంక్రాంతి సెలవులు అయినాక పాత బడిలో చేర్చే కాగితాలు వెంకోబారావే రాశాడు. ఆమె వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, శ్రీరక్ష భుజం ఎట్లుంది?"

"కట్టు ఇప్పినారు. చెయ్యి పైకి ఎత్తుతాంది."

ఆమె తలూపి క్లాసులోకి పోయింది. ఆ ఏడాది మైదానం దిక్కు రాలేదు. ఆయనా రమ్మని పిలవలేదు.