రేడియోలో నా గొంతు

డిండోలిలో మా గది గోడకు అవతలే మరమగ్గాల షెడ్డు. మా ఆయన అందులోనే పనిచేస్తాడు. ఆ టకటకలో కూడా మా చంటివాడు ఉలిక్కిపడకుండా నిద్రపోతుంటే అందరం మురిసిపోయాం. "మగ్గాల ఇంట్ల పుట్టిన పోరడు, చప్పుడుకు బెదురుతడా?" అని అత్తమ్మ ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పేది.

పగలు నేను కింద గదిలో చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తాను. బాబు పైన అత్తమ్మ దగ్గర ఉంటాడు. ఆ మోతలో నా పిలుపు మెట్లు కూడా దాటదు. వాడు ఏడిస్తే నా గొంతైనా వినిపించాలని, కాలేజీలో చదివిన ఎలక్ట్రానిక్స్ గుర్తు చేసుకున్నాను. పెన్ను రీఫిల్ మీద రాగి తీగ చుట్టి కాయిల్ చేశాను. దానికి ఒక చిన్న కెపాసిటర్ కలిపాను. ఆ రెండింటి మధ్య కరెంటు ఉయ్యాలలా ఊగుతుంది, సెకనుకు పది కోట్ల సార్ల దాకా. ఊపు తగ్గకుండా ట్రాన్సిస్టర్ తోస్తూ ఉంటుంది. జానెడు తీగ కడితే ఆ ఊపే తరంగమై గాల్లోకి వెళ్తుంది. మైకులో మాట్లాడితే గొంతును బట్టి ఊపు వేగం మారుతుంది. పైనున్న ఎఫ్ఎం రేడియో దాన్ని మళ్లీ మాటగా మారుస్తుంది.

"కన్నా, అమ్మను రా" అని పిలిచి, పైకి పరుగెత్తాను.

"రేడియో వైపు తిరిగాడా అత్తమ్మా?"

"లేదు బిడ్డా."

రేడియోలో నా స్టేషన్ పక్కకు జరిగిందనుకున్నాను. చెయ్యి దగ్గరికి తెచ్చినా జరిగిపోయే సర్క్యూట్ అది. కాయిల్ చుట్లు ఎడం చేశాను. బ్యాటరీ మార్చాను. కెపాసిటర్ మార్చాను. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి విసిగిపోయి, "ఈ డబ్బా పనికిరాదు" అన్నాను.

"ఎందుకు పనికిరాదే? నీ గొంతు మంచిగ వస్తున్నది గద! పొద్దుగాల 'పాలు తాగావా నాన్నా' అన్నవ్. 'తాగిండు తియ్యి' అని నేనే రేడియోకు జవాబు చెప్పిన" అని అత్తమ్మ నవ్వింది.

నేను బాబు వెనక్కి వెళ్లి స్టీలు పళ్లాన్ని గరిటెతో గట్టిగా కొట్టాను. వాడు మొలతాడుతో ఆడుకుంటూనే ఉన్నాడు.

అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. "జర ఇంకోసారి కొట్టు బిడ్డా."

కొట్టాను.

ఈ రోజు ఆసుపత్రిలో పరీక్షలు చేసి, రెండు చెవులూ వినిపించవన్నారు. వినికిడి మిషన్ పెట్టి చూద్దాం, ఆలస్యం చేయొద్దన్నారు. ఇన్నాళ్లూ నా జోలపాటకే పడుకుంటున్నాడనుకున్నాను. ఈ రాత్రి పాడకుండా, ఎప్పటిలా వీపు నిమిరాను. అలాగే పడుకున్నాడు.