చెరువుగట్టు మీద ఫ్రాన్సిస్

కాజీపేటలో రైల్వే గార్డుగా రిటైరైన ఫ్రాన్సిస్ రోజూ పొద్దున్నే చెరువుగట్టుకొచ్చి, బైనాక్యులర్ అద్దాలను చొక్కా అంచుతో తుడిచి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. కాళ్ల రంగేమిటి, ఎగిరేటప్పుడు మెడ ముడిచిందా చాచిందా అని చూసి మరీ కొంగ పేరు చెప్తాడు. పదేళ్లుగా వాకింగ్‌కొచ్చేవాళ్లంతా ఆయన్నే అడిగేవాళ్లు. మొన్నటి ఎండాకాలం నుంచి మాత్రం నర్సు స్నేహలతను అడుగుతున్నారు. ఆ పిల్ల బైనాక్యులర్ కూడా లేకుండా, కూత విని చెప్పేస్తుంది. అందరూ ఆమెను "వారెవ్వా" అన్నప్పుడల్లా ఫ్రాన్సిస్ గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఒకనాడు తుంగలో ఎర్రమెడ నారాయణపక్షి అనే పెద్ద కొంగ కదలకుండా నిలబడి కనిపించింది. ఆ చెరువులో దాన్ని చూడటం ఆయనకదే మొదలు. అంతలో స్నేహలత స్కూటీ ఆపింది.

"ఏం కనవడ్డది అంకుల్?"

"ఏం లేదు బిడ్డా, రోజూ ఉండే గుడ్డికొంగనే," అన్నాడు బైనాక్యులర్ దించేసి.

"మీరు చెప్పినంక ఇగ నేను చూసుడెందుకు," అని నవ్వి ఆమె డ్యూటీకి బయల్దేరింది.

ఆ మాటకు ఫ్రాన్సిస్ తల వాలిపోయింది. సరిగ్గా అప్పుడే పక్షి మెడ ముడుచుకుని లేచింది.

"బిడ్డా, ఆగు! జర పైకి చూడు!" అంటూ ఆయన గట్టు వెంట ఉరికాడు.

స్కూటీ చప్పుడులో ఆమెకు వినబడలేదు.